గూఢలిపి గుట్టు విప్పిన తత్వవేత్త అల్ కిందీ

ఉర్దూ చదివే కుటుంబాలలో 'ముఅమ్మా' అనే మాట తెలియని వారుండరు. చిక్కుప్రశ్న, పొడుపుకథ, అంతుపట్టని సంగతి, వీటన్నింటికీ మనవాళ్లు వాడే మాట అదే. ఢిల్లీ నుంచి వెలువడిన 'షమా' మాసపత్రిక ఒకప్పుడు నిర్వహించిన అదబీ ముఅమ్మా పోటీని పెద్దవారు ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. అయితే అరబ్బీలో ఈ మాటకు ఇంకొక బరువైన అర్థం ఉంది. పరాయివాడు చూసినా అర్థం కాకుండా అక్షరాలను మార్చి రాసిన లేఖను అరబ్బులు ముఅమ్మా అనేవారు. ఆ మార్పు కిటుకు తెలియకుండానే, కేవలం బుద్ధిబలంతో అలాంటి లేఖను విప్పి చదవడాన్ని 'ఇస్తిఖ్రాజుల్ ముఅమ్మా' అన్నారు. ఈ విషయం మీద క్రీ.శ. 9వ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో ఒక చిన్న రిసాలా రచింపబడింది. లభిస్తున్న రచనలలో ఈ శాస్త్రానికి సంబంధించి అంతకంటే పాతది ప్రపంచంలో మరొకటి లేదు. ఈనాడు వరంగల్‌లోనో హైదరాబాదులోనో ఎం.టెక్. తరగతిలో సమాచార భద్రత చదువుకునే విద్యార్థికి పాఠ్యపుస్తకం మొదటి అధ్యాయాల్లోనే ఆ రిసాలాలోని పద్ధతి ఎదురవుతుంది. రచయిత పేరు మాత్రం ఎదురు కాకపోవచ్చు.

ఆ రచయిత పూర్తి పేరు అబూ యూసుఫ్ యాఖూబ్ బిన్ ఇస్‌హాఖ్ అల్ కిందీ. సుమారు క్రీ.శ. 801లో, అంటే హిజ్రీ 185 ప్రాంతంలో జన్మించారు. కిందా అన్నది దక్షిణ అరేబియాకు చెందిన పేరుమోసిన తెగ. ఒకప్పుడు ఆ తెగవారు రాజులుగా ఏలారు. ఆ వంశానికే చెందిన హజ్రత్ అష్అస్ బిన్ ఖైస్ (రజి) దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సహచరులలో ఒకరు. అల్ కిందీ తండ్రి ఇస్‌హాఖ్ బిన్ సబ్బాహ్ అబ్బాసీ ఖలీఫాల కాలంలో కూఫా నగరానికి గవర్నరుగా పనిచేశారు. కూఫా, బస్రా నగరాలతో ఆ కుటుంబానికి గట్టి అనుబంధం ఉండేది. (ఇరాక్‌లోని బస్రాకూ మన గోదావరి ఒడ్డున ఉన్న బాసరకూ పేరులో పోలిక తప్ప మరే సంబంధమూ లేదని పిల్లలకు చెప్పవలసి వస్తుంటుంది.)

ఆ కూఫా, బస్రాలు ఎటువంటి నగరాలు! అరబ్బీ వ్యాకరణం పుట్టి పెరిగింది అక్కడే. అరబ్బీ ఛందస్సుకు శాస్త్రరూపం ఇచ్చిన ఖలీల్ బిన్ అహ్మద్ ఫరాహీదీ బస్రా వాసి. అరబ్బీ భాషకు మొట్టమొదటి నిఘంటువు 'కితాబుల్ ఐన్' ఆయనదే. ఏ అక్షరం పక్కన ఏ అక్షరం వస్తుంది, ఏది రాదు అన్నది లెక్క కట్టి ఆ నిఘంటువును కూర్చారు. ఖలీల్ కూడా ముఅమ్మా మీద ఒక గ్రంథం రాశారట. అది మనకు దక్కలేదు. ఒకసారి గ్రీకు భాషలో గూఢంగా రాసిన లేఖను ఆయన ఒక నెల రోజులు కష్టపడి విప్పారనీ, లేఖ దేవుని నామంతో మొదలై ఉంటుందన్న ఊహతో ముందుకు సాగారనీ చరిత్రకారులు రాశారు. ఖుర్ఆన్ గ్రంథంలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో ఓపికగా లెక్కించిన ఉలమా కూడా తొలి శతాబ్దాల్లో ఉన్నారు. అల్ కిందీ ఈ వాతావరణంలో పెరిగి, పైచదువులకు బాగ్దాదు చేరుకున్నారు. అక్షరాలు లెక్కపెట్టడం ఆ సమాజానికి వింతపని కాదు. ఆ లెక్కను ఒక తాళంచెవిగా వాడవచ్చునని నిరూపించడమే అల్ కిందీ చేసిన కొత్త పని.

బాగ్దాదులో అప్పుడు ఖలీఫా మామూన్ పాలన (813-833). గ్రీకు, సిరియాక్, పహ్లవీ, సంస్కృత గ్రంథాలు అరబ్బీలోకి అనువాదమవుతున్న కాలం. అల్ కిందీ స్వయంగా అనువాదకులు కారు. ఇతరులు చేసిన అనువాదాలను సరిదిద్ది, వాటిపై ఆలోచించి సొంత గ్రంథాలు రాసేవారు. సత్యం ఏ జాతి నుంచి వచ్చినా, ఎంత దూరం నుంచి వచ్చినా స్వీకరించడానికి సిగ్గుపడనక్కర లేదన్నది ఆయన నడవడి. అదే సమయంలో గ్రీకులు చెప్పిందల్లా తల ఊపి ఒప్పుకోలేదు. ఈ లోకం అనాదిగా ఉన్నదని అరిస్టాటిల్ అంటే, కాదు, అల్లాహ్ దీనిని శూన్యం నుంచి సృష్టించాడని అల్ కిందీ గణితం సాయంతో వాదించారు. ఫల్సఫా విషయంలో ఆయన మాటలన్నీ ఉలమాకు సమ్మతం కాలేదన్నది నిజమే. ఆ చర్చ ఇక్కడ మన విషయం కాదు.

మామూన్ తరువాత ఖలీఫా అయిన ముఅతసిమ్ (833-842) ఆయనను మరింత దగ్గరకు తీశారు. తన కుమారుడు అహ్మద్‌కు ఉస్తాద్‌గా నియమించారు. ఈ కాలంలోనే అల్ కిందీ కలం విజృంభించింది. ఇబ్నె నదీమ్ తన గ్రంథ సూచికలో అల్ కిందీ రచనలు రెండు వందలకు పైగా పేర్కొన్నారు. తత్వశాస్త్రం, ఖగోళం, వైద్యం, సంగీతం, కాంతి, సముద్రపు పోటుపాట్లు, చివరకు అత్తరు తయారీ కూడా అందులో ఉన్నాయి. హిందూ దేశపు అంకెలను వాడే విధానంపై నాలుగు భాగాల గ్రంథం రాశారు. మన దేశపు 'శూన్యం' అరబ్బీలో 'సిఫ్ర్' అయింది. ఆ సిఫ్ర్ ఐరోపాకు పోయి 'సైఫర్' అయింది. నేడు కంప్యూటర్ చదువులో రహస్య లిపికి అదే పేరు.

ఖలీఫా కోరిక మేరకు ఖడ్గాల మీద కూడా ఒక రిసాలా రాశారు. ఏ దేశపు ఇనుము ఎలాంటిది, ఉక్కు కత్తి మీద తేలే చారలను చూసి దాని జాతిని ఎలా గుర్తించాలి అన్నది అందులోని విషయం. మేలుజాతి ఖడ్గాలలో యమన్ కత్తుల సరసన హిందీ కత్తులకూ ఆయన స్థానం ఇచ్చారు. మన నిర్మల్ కొండల ఖనిజంతో, కోనసముద్రం మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పారశీక వర్తకులు రావడం చాలా శతాబ్దాల తరువాతి ముచ్చట. కాని హిందూ దేశపు ఉక్కుకు ఆనాడే బాగ్దాదు దర్బారులో పేరుండేదన్నది ఆదిలాబాద్ వారు తెలుసుకోదగిన సంగతి.

ఇక అసలు రిసాలా విషయానికి వద్దాం. అబ్బాసీ సామ్రాజ్యం చాలా విశాలమైనది. పన్నుల లెక్కలు, సైన్యం కదలికలు, గవర్నర్ల మీద ఫిర్యాదులు 'బరీద్' అనే తపాలా వ్యవస్థ ద్వారా వేల మైళ్లు ప్రయాణం చేసేవి. దారిలో ఎవరి చేతిలోనైనా పడవచ్చు. అందుకే కాతిబులు అక్షరాలు మార్చి రాసేవారు. అలిఫ్ రాయవలసిన చోట జీమ్, లామ్ చోట సీన్, ఇలా ముందుగా ఇద్దరు ఒప్పుకున్న పట్టిక ప్రకారం రాస్తే చదివేవాడికి తలా తోకా దొరకదు. పట్టిక ఉన్నవాడే చదవగలడు. పట్టికలు ఎన్ని విధాలుగా వేయవచ్చో లెక్కిస్తే మనిషి జీవితకాలం చాలదు. కనుక అది భేద్యం కాదని అందరి నమ్మకం.

అల్ కిందీ ఆ నమ్మకాన్ని ఒక సులువైన ఆలోచనతో కూల్చారు. అక్షరం వేషం మార్చుకోవచ్చు గాని, ఎన్నిసార్లు వస్తుందన్న అలవాటును మార్చుకోలేదు. అరబ్బీలో అలిఫ్, లామ్ అడుగడుగునా వస్తాయి. ఘైన్, జా వంటివి చాలా అరుదు. కాబట్టి ముందుగా అదే భాషలో ఉన్న మామూలు రచన ఒకటి తీసుకొని అక్షరాలన్నీ లెక్కించాలి. ఎక్కువసార్లు వచ్చినది మొదటిది, దాని తరువాతది రెండవది, అలా వరుస కట్టాలి. పిమ్మట గూఢలేఖలోని గుర్తులను కూడా అలాగే లెక్కించి వరుస కట్టాలి. ఆ వరుసను ఈ వరుస పక్కన పెడితే వేషాలు ఒక్కొక్కటే జారిపోతాయి. ఆయన మాటలతో సరిపెట్టుకోలేదు. స్వయంగా ఏడు పుటల రచన తీసుకొని 3,667 అక్షరాలు లెక్కించారు. అందులో అలిఫ్ 600 సార్లు, లామ్ 437 సార్లు, మీమ్ 320 సార్లు వచ్చాయి. అంటే ప్రతి ఆరు అక్షరాల్లో ఒకటి అలిఫే! కొంత నమూనాను లెక్కించి మొత్తం స్వభావాన్ని అంచనా కట్టే ఈ పనినే తరువాతి వారు గణాంకశాస్త్రం అన్నారు.

ఈ పద్ధతికి ఉన్న హద్దు కూడా ఆయనే చెప్పారు. లేఖ మరీ చిన్నదైతే లెక్క కుదరదు. రెండు వాక్యాల చీటీలో అలిఫ్ కంటే మీమ్ ఎక్కువ రావచ్చు. అప్పుడు వేరే ఉపాయాలు కావాలి. లేఖ బిస్మిల్లాహ్‌తోనో సలాంతోనో మొదలై ఉంటుంది కనుక అక్కడ పట్టుకోవాలి. అరబ్బీలో ఫలానా అక్షరం పక్కన ఫలానా అక్షరం ఎన్నడూ రాదు కనుక తప్పు ఊహలను అలా కొట్టివేయాలి. గూఢలిపులలో ఎన్ని రకాలున్నాయో కూడా ఆయన శాఖలు శాఖలుగా విడదీసి చూపారు. అక్షరాల స్థానాలు తారుమారు చేసేవి, ఒక అక్షరానికి బదులు మరొకటి పెట్టేవి, మధ్యలో అర్థం లేని అక్షరాలు చొప్పించి దారి తప్పించేవి, ఇలా.

ఈ ప్రయోగం పిల్లలు ఇంట్లోనే చేసి చూడవచ్చు. ఉర్దూ పత్రికలో ఒక పేరా తీసుకొని లెక్కిస్తే అలిఫ్ ముందుంటుంది, మూడు చుక్కల 'ఝే' దాదాపు కనిపించదు. తెలుగులో ఙ, ఞ వంటి అక్షరాలు విడిగా వెతికినా దొరకవు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు ఉన్నాయి కనుక దేనిని ఒక అక్షరంగా లెక్కించాలన్నది ముందే తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలోనే సగం చదువు ఉంది.

ఇంత చేసిన పండితుని జీవితం పూలబాట కాదు. మొదట్లో ఆయనను వ్యతిరేకించి జనాన్ని రెచ్చగొట్టిన వారిలో హదీసు విద్యార్థి అబూ మఅషర్ ఒకరు. అల్ కిందీ అతనిపై పగ తీర్చుకోలేదు. ఎవరి ద్వారానో అతనికి గణితం మీద ఆసక్తి కలిగేలా చేశారు. కొంతకాలానికి అదే మనిషి, నడివయసు దాటాక, నక్షత్ర విద్యలో దిగి ఆయన వర్గంలో చేరిపోయాడు. కాని అందరు శత్రువులూ ఇలా లొంగలేదు.

ఖలీఫా ముతవక్కిల్ (847-861) కాలం వచ్చింది. దర్బారులో మూసా కుమారులు అని పేరుపొందిన సోదరులు ఉండేవారు. గణితంలో, యంత్రాల తయారీలో నిజంగానే గొప్పవారు. కాని తమతో సమానమైన పండితుడు దర్బారులో ఉండటం వారిలో ఇద్దరికి, ముహమ్మద్, అహ్మద్‌లకు సహించేది కాదు. వారు ఖలీఫా చెవిలో చాడీలు చెప్పారు. ఫలితంగా అల్ కిందీని కొరడాలతో కొట్టించారు. అంతకంటే ఘోరం, ఆయన గ్రంథాలయం మొత్తాన్ని ఆ సోదరులు స్వాధీనం చేసుకున్నారు. అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న విద్వాంసునికి దెబ్బలు మానవచ్చు. పుస్తకాలు పోతే జీవితమే పోయినట్టు.

తరువాత జరిగినది ఇబ్నె అబీ ఉసైబిఅ వంటి చరిత్రకారులు వివరంగా రాశారు. ముతవక్కిల్ సామర్రా దగ్గర కొత్తగా కట్టిస్తున్న జాఫరియా నగరానికి కాలువ తవ్వించే పని ఈ సోదరులకు అప్పగించారు. వారు దానిని ఫర్గానీకి ఇచ్చారు. ఫర్గానీ ఖగోళంలో దిట్ట గాని ఈ పనిలో పొరపడ్డారు. కాలువ మొదట్లో లోతు ఎక్కువైంది, ముందుకు పోయేకొద్దీ తక్కువైంది. నదిలో నీరు బాగా పెరిగితే తప్ప కాలువ పారదు. ఖలీఫాకు అనుమానం వచ్చింది. నిజానిజాలు తేల్చమని సనద్ బిన్ అలీ అనే ఇంజినీరును పిలిపించారు. తప్పు రుజువైతే ఆ సోదరులను ఆ కాలువ ఒడ్డునే శిలువ వేయిస్తానన్నారు.

ఈ సనద్‌ను కూడా దర్బారుకు దూరం చేసింది ఆ సోదరులే. ఇప్పుడు ప్రాణాలు అతని చేతిలో ఉన్నాయి. కాళ్లావేళ్లా పడ్డారు. సనద్‌కూ అల్ కిందీకీ కూడా స్నేహం లేదు, పైగా వైరముంది. అయినా సనద్ పెట్టిన షరతు ఒక్కటే. ముందు అల్ కిందీ పుస్తకాలు ఆయనకు తిరిగి ఇవ్వాలి. ముహమ్మద్ బిన్ మూసా పుస్తకాలన్నీ పంపించి, అన్నీ ముట్టాయని అల్ కిందీ చేత్తో రాసిన రసీదు తెచ్చి చూపిన తరువాతే సనద్ నోరు విప్పారు. అప్పుడు దజ్లా నది నిండుగా ఉంది. మరో నాలుగు నెలల వరకు కాలువ లోపం బయటపడదు. సనద్ ఖలీఫా దగ్గరకు వెళ్లి తప్పేమీ లేదని చెప్పారు. నది తగ్గక ముందే, 861 డిసెంబరులో ముతవక్కిల్ హత్యకు గురయ్యారు. సోదరులు బతికిపోయారు. సనద్ ఖలీఫాకు అబద్ధం చెప్పడం సమంజసమేనా అన్న ప్రశ్న ఉండనే ఉంది. కాని తనకు గిట్టని మనిషి పుస్తకాల కోసం తన ప్రాణాన్ని పణంగా పెట్టినవారు చరిత్రలో ఎందరుంటారు?

సాహితీవేత్త జాహిజ్ తన 'పిసినారుల పుస్తకం'లో కిందీ అనే ఒక ఇంటి యజమానిని వేళాకోళం చేశారు. అద్దెకున్న వారింటికి చుట్టాలు వస్తే నీళ్లు ఎక్కువ ఖర్చవుతాయని గొణిగే మనిషి ఆయన. ఆ కిందీ ఈ కిందీయేనా అన్నది పండితులు తేల్చలేదు. ఒకే పేరున్న మరొకరు కూడా కావచ్చు. పుస్తకాలు తిరిగి వచ్చాక ఆయన శేషజీవితం చాలావరకు ఏకాంతంగానే గడిచింది. సుమారు క్రీ.శ. 873లో బాగ్దాదులో కన్నుమూశారు.

ఆయన గ్రంథాలలో చాలా భాగం కాలగర్భంలో కలిసిపోయాయి. వైద్యం, కాంతి వంటి విషయాలపై కొన్ని లాటిన్‌లోకి వెళ్లి 'ఆల్కిందస్' పేరుతో ఐరోపాలో శతాబ్దాల పాటు చదవబడ్డాయి. ముఅమ్మా రిసాలాకు ఆ భాగ్యం దక్కలేదు. అయితే విద్య మాత్రం అరబ్బుల మధ్య బతికింది. 13వ శతాబ్దంలో ఇబ్నె అద్లాన్, 14వ శతాబ్దంలో ఇబ్నుద్దురైహిమ్ దానిని ముందుకు తీసుకుపోయారు. ఈజిప్టుకు చెందిన ఖల్ఖషందీ 1412లో పూర్తిచేసిన 14 సంపుటాల మహాగ్రంథంలో దీనికి చోటిచ్చారు. ఐరోపాలో అక్షరాల లెక్క గురించి ఆల్బెర్తీ అనే ఇటలీ పండితుడు రాసినది 1466 ప్రాంతంలో, అంటే అల్ కిందీకి ఆరు వందల ఏళ్ల తరువాత. ఈ లెక్క తెలియనివారు ఎంత మూల్యం చెల్లించారో చూడండి. స్కాట్లండ్ రాణి మేరీ 1586లో చెర నుంచి గూఢలిపిలో ఉత్తరాలు నడిపారు. ఇంగ్లండ్ గూఢచారులు అక్షరాలు లెక్కించి వాటిని చదివేశారు. మరుసటి ఏడాది ఆమె తల తెగింది.

అల్ కిందీ రిసాలా రాతప్రతి ఇస్తాంబుల్‌లోని సులైమానియా గ్రంథాలయంలో భద్రంగా ఉండిపోయింది. ముహమ్మద్ మరాయాతీ, యహ్యా మీర్ ఆలం, హస్సాన్ తయ్యాన్ అనే ముగ్గురు పండితులు దానిని పరిష్కరించగా 1987లో దమిష్క్‌లోని అరబ్బీ అకాడమీ ప్రచురించింది. వెయ్యేళ్లకు పైగా మరుగున ఉన్న సంగతి అప్పుడు లోకానికి తెలిసింది. పాత రాతప్రతులను వెతికి అచ్చువేసే ఇటువంటి సేవనే మన హైదరాబాదులో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ చేస్తూ వచ్చింది. రాతప్రతి భద్రపరచడం అంటే బీరువాలో పెట్టి తాళం వేయడం అనుకునే మన మదరసాల నిర్వాహకులు కొందరు ఈ రెండింటినీ గమనించాలి.

ఇప్పటి ఫోన్లలో, బ్యాంకుల్లో వాడే రహస్య లిపులను అక్షరాలు లెక్కించి విప్పడం సాధ్యం కాదు. దానికి కారణం కూడా ఆ లెక్కే. 1949లో అమెరికా శాస్త్రవేత్త క్లాడ్ షానన్ ఒక పరిశోధనా పత్రంలో, మూలభాషలోని హెచ్చుతగ్గులు గూఢలేఖలో ఎక్కడా మిగలకుండా చెదరగొట్టాలని గణితంతో నిరూపించారు. 2001లో అమెరికా ప్రమాణంగా స్వీకరించిన ఏఈఎస్ పద్ధతి ఆ సూత్రం మీదనే నడుస్తుంది. గల్ఫ్‌లో ఉన్న అబ్బాయి జగిత్యాలలోని తల్లికి డబ్బు పంపినప్పుడు దారిలో ఎవరూ ఆ అంకెలు చదవలేకపోవడం వెనుక ఈ చదువే ఉంది.

అజాగ్రత్తగా ఉంటే పాత లెక్క మళ్లీ పనిచేస్తుంది. 2013లో అడోబ్ సంస్థ ఖాతాదారుల వివరాలు కోట్ల సంఖ్యలో దొంగల పాలయ్యాయి. పాస్‌వర్డులు గూఢలిపిలోనే ఉన్నాయి. కాని ఒకే పాస్‌వర్డు ఎంతమంది పెట్టుకున్నా అందరికీ ఒకే గుర్తు వచ్చేలా వాటిని దాచారు. చూసినవారు ఏ గుర్తు అందరికంటే ఎక్కువసార్లు వచ్చిందో లెక్కించారు. ఖాతాదారులు తమకు తాము రాసుకున్న ఆనవాళ్లతో పోల్చారు. తాళంచెవి లేకుండానే తేలిపోయింది, అది '123456' అని. అల్ కిందీ అలిఫ్‌ను పట్టుకున్నది కూడా సరిగ్గా ఇలాగే.

ఈ విద్యను పైస్థాయిలో నేర్పే చోట్లు మనకు దూరంలో లేవు. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలై 2002లో ఎన్.ఐ.టి. అయిన వరంగల్ సంస్థలో కంప్యూటర్ సైన్స్, సమాచార భద్రతలో రెండేళ్ల ఎం.టెక్. ఉంది. హైదరాబాదులో రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ బ్యాంకుల సాంకేతిక భద్రతకే అంకితమైనది. ప్రజలకు, విద్యార్థులకు సమాచార భద్రత నేర్పేందుకు కేంద్ర ప్రభుత్వం 2005లో మొదలుపెట్టిన పథకంలో అవగాహన బాధ్యత హైదరాబాదు సి-డాక్‌ది. వీటిలో పైస్థాయి చదువులకు సాధారణంగా ముందు బి.టెక్. కావాలి. అందుకు నాచుపల్లిలో 2007లో పెట్టిన జె.ఎన్.టి.యు. కళాశాల, పదవ తరగతి కాగానే చేర్చుకునే బాసర రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయం (2008) ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పిల్లలకు అందుబాటులో ఉన్నాయి. బి.టెక్. అయిపోగానే ఉద్యోగమో, అమ్మాయికైతే పెళ్లో అని తొందరపడే తల్లిదండ్రులు మరో రెండేళ్లు ఆగగలిగితే ఈ తలుపు తెరుచుకుంటుంది. వరంగల్‌లో ప్రవేశం గేట్ పరీక్ష మార్కుల మీద ఉంటుంది. ఆ పరీక్ష సాధారణంగా ఏటా ఫిబ్రవరిలో జరుగుతుంది. కంప్యూటర్ సైన్స్ పత్రంలో ఇంజినీరింగ్ గణితం ఒక విభాగం, అందులో సంభావ్యత, గణాంకశాస్త్రం ఉంటాయి.